రెండో మనిషి సరేనంటేనే

ఆదివారం మధ్యాహ్నం. వాన పడుతూ ఆగుతూ విసిగిస్తోంది. మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు. భోజనాలయ్యాక అత్తయ్య తన గదిలో నడుం వాల్చింది. నేను ముందుగదిలో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. రెండు గదుల మధ్య తలుపు మేమెప్పుడూ వేయం. ఆవిడకి నిద్రలో ఊపిరి ఆగిపోతుంటుంది.

మంచం పక్కన ఒక మెషిన్ ఉంది. దాని గొట్టం ముక్కుకి తగిలిస్తేగాని ఆవిడ పడుకోవడానికి లేదు. గొట్టం జారినా, ఊపిరి ఆగినా అది అలారం మోగిస్తుంది. నేను పరిగెడతాను. అలా పరిగెత్తీ పరిగెత్తీ, కంటినిండా నిద్రంటే ఎలా ఉంటుందో మర్చిపోయాను.

"నీకంటే ఈ రెండో కోడలే నయమే. పిలవకుండానే అరుస్తుంది," అంటుంది అత్తయ్య. అంటే అననీ. అమ్మని ఎరగని నాకు ఆవిడే అమ్మ. ఆవిడకేమైనా అయితే నేను తట్టుకోలేను.

ఆ మెషిన్‌ని నడిపే ప్రోగ్రాం ఏ కంపెనీదీ కాదు. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులం కలిసి రాసుకున్నది. మొత్తం నెట్‌లో రిపాజిటరీ అనే ఉమ్మడి గిడ్డంగిలో ఉంటుంది. ఎవరైనా తెరిచి చదవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపచ్చు. కట్టడి ఒక్కటే. ఎవరు పంపిన మార్పుని వాళ్ళే కలుపుకోకూడదు. మాలో ఇంకొకరు చదివి సరేననాలి. అలా కలిసిన మార్పుని పరీక్ష కోసం అన్నిటికంటే ముందు మా ఇంటి మెషినే తెచ్చుకుంటుంది, అదీ క్షణాల్లో.

మొదట్లో చాలామందిమి ఉండేవాళ్ళం. ఒక్కొక్కరే జారుకుని, చివరికి నేనూ, బస్సు నడిపే ఒక అన్నా మిగిలాం. ఇంకొకాయన ఉండేవారు, మాస్టారు. రిటైరైన లెక్కల టీచరు. ఆయన్ని చూసింది లేదు, ఫోన్లో గొంతే తెలుసు. ఏ మార్పు పంపినా ఒక్కో వరుసా ముక్కుతో సాగదీస్తూ పైకి చదివి మా ప్రాణాలు తీసేవారు. పోయిన చలికాలంలో పోయారు. ఆయన పేరు రిపాజిటరీలోంచి తీసేయడానికి మాకు మనసొప్పలేదు.

ఆయన పోయాక చదవడం కూడా పోయింది. నేను పంపితే డ్రైవరన్న "చూశాను, బాగుంది" అంటాడు. అన్న పంపితే నేనంటాను. చూసేదీ లేదు, పాడూ లేదు. ఇద్దరికీ ఓపిక అయిపోయింది.

ఆ రోజు ఒక చిన్న మార్పు పంపాను. గొట్టం జారితే అలారం కాస్త ఆలస్యంగా మోగుతోంది, దాన్ని త్వరపెట్టాను. టీ పెట్టుకుని వచ్చేసరికి కింద జవాబు ఉంది.

"అమ్మాయీ, ఇది కాదు. నేను రాస్తాను."

రాసింది మాస్టారు.

ముందు ఒళ్ళు మండింది. ఎవడో దొంగవెధవ ఆయన పాస్‌వర్డ్ కొట్టేసి ఉంటాడు. చచ్చిపోయిన మనిషి పేరుతో ఆటలా? వెంటనే ఆయన పేరు తీసేశాను. పేజీ మళ్ళీ తెరిచి చూశాను. పేరు లేదు. హమ్మయ్య అనుకుని టీ గ్లాసు అందుకున్నాను.

గదిలో ఏదో వాసన. వాన వాసన కాదు. నల్లబల్లని తడిగుడ్డతో తుడిస్తే వస్తుందే, ఆ సుద్ద వాసన. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

స్క్రీన్ మీద కొత్త మార్పు వచ్చి ఉంది. మళ్ళీ ఆ పేరుతోనే.

ఒకే ఒక్క వరుస మారింది. గొట్టం జారినా, ఊపిరి ఆగినా ఎంతసేపు చూసి అలారం మోగించాలో చెప్పే వరుస. అక్కడున్న అంకె కొట్టేసి ఉంది. ఇది కలిస్తే అలారం ఇక ఎప్పటికీ మోగదు. కింద రెండు ముక్కలు రాసి ఉన్నాయి.

"ఆవిడ అలిసిపోయింది. నువ్వూ అలిసిపోయావు."

భయం కంటే ముందు ఏడుపొచ్చింది. అలిసిపోయావా అని నన్ను అడిగినవాళ్ళు ఎవరున్నారు గనక? నా వేలు 'సరే' మీదకి వెళ్ళింది. ఆ మాట దాచను, వెళ్ళింది… ఉలిక్కిపడి వెనక్కి లాక్కుని డ్రైవరన్నకి ఫోన్ చేశాను.

"అన్నా, మాస్టారి పేరుతో ఒకటొచ్చింది. దాన్ని ముట్టుకోకు."

"మాస్టారా? అదేంటి? ఇందాక ఒకటొచ్చిందిగా, నీదే అనుకుని సరే కొట్టేశానే…"

"చదివావా?"

అటు గబగబా మీటలు నొక్కుతున్న చప్పుడు.

"అన్నా, చదివావా?"

"లేదు చెల్లెమ్మా."

పేజీ వంక చూశాను. కలిసిపోయింది.

ఫోన్ పట్టుకునే అత్తయ్య గదిలోకి పరిగెత్తాను. మెషిన్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. అంతా బాగున్నట్టే. గొట్టం మాత్రం ఆవిడ ముక్కున లేదు. జారి పడినట్టు లేదు… ఎవరో తీసి, చక్కగా చుట్టి, దిండు పక్కన పెట్టినట్టుంది. ఊరికే గాలిలోకి బుస్సుమంటోంది. ఆవిడ పెదాలు నల్లబడ్డాయి.

"అత్తయ్యా… అత్తయ్యా!"

గొట్టం తగిలించి భుజాలు పట్టి కుదిపాను. ఎంతకీ కదలదు. ఇంకోసారి కుదిపాను. ఒక్కసారిగా దగ్గు తెర వచ్చి, గుండె నిండా ఊపిరి తీసుకుంది.

"ఏమే… బంగారంలాంటి నిద్ర పాడుచేశావు," అని గొణిగి మళ్ళీ కళ్ళు మూసుకుంది. నేను మంచం కోడు పట్టుకుని ఏడ్చేశాను.

లాప్‌టాప్ తెచ్చుకుని ఆవిడ పక్కనే కూర్చున్నాను. పాత వరుస తిరిగి రాసి పంపాను. ఫోన్ స్పీకర్లో పెట్టి మంచం మీద ఉంచాను.

"ఈసారి చదువన్నా. ఒక్కో వరుసా పైకి చదువు. అప్పుడే సరేనను."

"చదువుతానమ్మా, ఒట్టు."

చదవడం మొదలుపెట్టాడు. అన్న గొంతు వెనకే ఇంకో గొంతు. నెమ్మదిగా… ముక్కుతో… సాగదీస్తూ.

"అన్నా," అన్నాను గుసగుసగా, "నీ పక్కన ఎవరు?"

"డిపోలో నేనొక్కడినే." అన్న కూడా గొంతు తగ్గించాడు. "నీ దగ్గరే ఎవరో నాతోపాటు చదువుతున్నారు కదా… మీ ఆయన కాదా?"

సుద్ద వాసన గుప్పున కొట్టింది.

"ఆపకన్నా. తొందరగా కానీ."

ఆఖరి వరుస చదివి అన్న ఆగాడు. ఆ గొంతు ఆగలేదు. మేమెవ్వరం రాయని వరుసొకటి చదివింది. ఇప్పుడది ఫోన్లోంచి రావడం లేదు. మంచానికి అటువైపు నుంచి వస్తోంది.

"ఇక అలారం అక్కర్లేదు. ఏమంటారు?"

అత్తయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "మాట్లాడకండి… అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఏమీ మాట్లాడకండి…"

ఆవిడ కళ్ళు తెరవలేదు. తల మాత్రం అటు తిప్పి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు వినయంగా, "సరేనండీ," అంది.