లిఫ్టులో లేని నాలుగు

"తక్ ముసలాయన ఈ మధ్యాహ్నం బుసాన్‌లో లిఫ్టెక్కుతాడు. కోర్టులో ఆ విదేశీ ముఠా గుట్టు విప్పాల్సినవాడు. లిఫ్టు కోడ్‌లోనే ఆయన చావు పెట్టారని కబురు," ఏజెంట్ చొక్కా గుండీలో దాచిన బుల్లి రేడియోలోంచి డైరెక్టర్ ప్యో గొంతు పలికింది. "ఊరికే ఆపితే ముఠా జారుకుంటుంది. ఋజువు కావాలి."

ఏజెంట్ గ్యూమిన్ పాంగ్యోలోని లిఫ్టు కంపెనీలో టెస్టర్ వేషంలో ఉన్నాడు. అతనికి అందరి మీదా అనుమానమే, అందులోనూ టీమ్ లీడర్ ఓక్ సెరాన్ మీద మరీనూ. అంత అందగత్తె అంత తక్కువ మాట్లాడితే ఎలా నమ్మడం? పైగా తెర మీద కోడ్‌ని ముక్కలుగా పరీక్షించే యూనిట్ టెస్టులన్నీ పచ్చగా వెలుగుతున్నాయి.

"ఒక్కటీ ఫెయిలవదేంటండీ?"

"టెస్టు కోసం నిజం లిఫ్టును పడేయలేం కదా," అంది సెరాన్. "సెన్సర్‌ని చదివే అసలు కోడ్ ముక్కని క్లాస్ అంటాం. దాని స్థానంలో మాక్‌ని కూర్చోబెడతాం. ఉత్త డమ్మీ. ఏ అంతస్తంటే నేర్పింది చెప్తుంది. బ్రేకు పట్టిందా అంటే పట్టిందంటుంది."

"పట్టకపోయినా?"

"గంగిరెద్దులా తలూపుతుంది."

"టెస్టయ్యాక దాన్ని తీసేశారో లేదో ఎవరు చూస్తారు?"

సెరాన్ గోడ మీది తెర వైపు చూసింది. బుసాన్ లిఫ్టు ఖాళీగా పైకెళ్తూ అంతస్తులు చెబుతోంది. మూడు. నాలుగు. ఐదు.

గ్యూమిన్ తెరకు దగ్గరగా జరిగాడు. మన కొరియా లిఫ్టుల్లో నాలుగెక్కడిది? మన భాషలో చావన్న మాటలా వినిపిస్తుందని అక్కడ ఎఫ్ అని రాస్తామని పసివాడికీ తెలుసు. అసలు క్లాస్ ఎఫ్ అనే చెప్తుంది. అంటే నిజం లిఫ్టులో కూర్చున్నది మాక్. బ్రేకు తెగినా పట్టిందనే అంటుంది.

"ముసలాయన్ని ఆపండి," అన్నాడు గుండీలోకి.

తక్ అప్పటికే లోపల అడుగు పెట్టాడు. తలుపులు మూసుకుంటుండగా కాపలావాడు ఆయన్ని కాలరు పట్టి బయటికి లాగాడు. ఖాళీ లిఫ్టు పై దాకా వెళ్ళి రాయిలా కింద పడింది. తెర మీద మాత్రం 'బ్రేకు పట్టింది' అనే ఉంది.

గ్యూమిన్ పెన్నులోని మత్తుసూది సెరాన్ వైపు తిప్పాడు. "ఆ మాక్‌ని అక్కడ పెట్టింది నువ్వే."

"నేనే. కాదంటే ముఠావాళ్ళు ఇంకొకడితో పెట్టించేవాళ్ళు. నా ఫోను వింటున్నారు, ఎవరికీ చెప్పే వీల్లేదు. అందుకే దానికి నాలుగని నేర్పా. పరాయి దేశపు వాళ్ళకది ఉత్త అంకె. పొద్దుట్నించీ గోడ మీద నాలుగు, నాలుగని అరుస్తుంటే, తమరేమో నా మొహమే చూస్తున్నారు."

గుండీ దగ్గింది. "ఆమె మన మనిషే. కబురు లేకపోతే అటు తిరిగిపోయిందనుకున్నాం."

"ముఠా ఏమనుకుంటోంది?" గ్యూమిన్ అడిగాడు.

"వాళ్ళ మనిషినని," అంది సెరాన్ తాపీగా. "ఎవరడిగితే వాళ్ళకి కావలసిన జవాబే చెప్తానండీ."

మర్యాదగా అతనికోసం లిఫ్టు బటన్ నొక్కింది. గ్యూమిన్ అంతే మర్యాదగా వంగి దండం పెట్టి, అన్ని అంతస్తులూ మెట్లు దిగే వెళ్ళాడు.