ఆటో ట్రిమ్ మింగిన ప్రార్థన

తోటపల్లి గూడూరు రొయ్యల గుంటలో అజారుద్దీన్ శవం తేలింది. పైకి రొయ్యల మేత వ్యాపారి. లోపల మాత్రం ఇండియన్ సీక్రెట్ సర్వీస్‌కి కన్నూ చెవీ. వీపులో బుల్లెట్ దిగి ఉంది.

"చనిపోయే ముందు ఒకే మెసేజ్ పంపాడు," జడ్సన్ ఇయర్‌పీస్‌లో చీఫ్ వనజాక్షి గొంతు. "బోటు ప్రార్థనలో శత్రువుల ముఠా మనిషి ఉన్నాడట. ఆ ప్రార్థన షూట్ చేసింది నువ్వే కదా?"

"అవును మేడమ్."

"ఫుటేజ్ మొత్తం జల్లెడ పట్టు. త్వరగా."

ఏజెంట్ జడ్సన్‌కి బిట్రగుంటలో వీడియో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ప్రార్థన కూటాలు తీస్తాడు. ఆ మారువేషం ఎంత బాగా అతికిందంటే, ఆల్బం ఆలస్యమైందని జనం అతన్ని నిజంగానే తిట్టిపోసేవాళ్ళు.

ఆ ఉదయం జువ్వలదిన్నె హార్బర్‌లో కొత్త బోటుకి ప్రతిష్ట ప్రార్థన జరిగింది. చూడటానికి చేపల బోటే. అడుగున మాత్రం విదేశీ సబ్‌మెరైన్లను పసిగట్టే సోనార్. బోటు నడిపే సరంగు లాజరస్ జడ్సన్‌కి పెదనాన్న కొడుకు. అతనూ అతని మనుషులూ ఇప్పుడు నడిసముద్రంలో ఉన్నారు.

స్టూడియో కంప్యూటర్‌లో జడ్సన్ టైమ్‌లైన్ మొత్తం తిరగేశాడు. పాటలు, వాక్యం, దీవెన. అనుమానించదగ్గ ముఖం ఒక్కటీ లేదు.

"ఇంకా అదే చూస్తా ఉండావా?" టీ గ్లాసుతో క్యాథరిన్ వచ్చింది.

శత్రువుల ముఠాలో ఉంటూ మన వాళ్ళకి రహస్యాలు మోసుకొచ్చే డబుల్ ఏజెంట్ ఆమె. తెల్లచీర కట్టుకొస్తే కూటంలో ముసలాళ్ళు కూడా కీర్తనల పుటలు తప్పుతారు. జడ్సన్‌తో నిశ్చితార్థం అయింది. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ ఒక్క విషయంలో అతనికి ఏ మారువేషమూ లేదు.

"పొద్దునే ఆటో ట్రిమ్ కొట్టించినా గదా. ఇంకేముంది చూసేదానికి?" అని నవ్వి, ఫోన్ మోగితే కిందికి వెళ్ళింది.

ఆటో ట్రిమ్ అంటే, మాట వినిపించని చోటల్లా క్లిప్‌ను తనంతట తానే కత్తిరించి, మిగతా ముక్కల్ని అతికేసే టూల్. దాన్ని వాడమని పోరు పెట్టింది ఆమే.

మాట వినిపించని చోటు. జడ్సన్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

మౌన ప్రార్థన!

బోటు ప్రతిష్టలో పాస్టర్ హెబ్రోను గారు అందర్నీ తలలు వంచి ఎవరికి వారు మనసులో ప్రార్థించుకోమంటారు. సముద్రం మింగిన తమ వాళ్ళని తలుచుకుంటారు కాబట్టి అది ఓ పట్టాన ముగియదు. టైమ్‌లైన్‌లో ఆ మౌనం లేదు. "ప్రార్థిద్దాం" పక్కనే "ఆమెన్" అతుక్కుని ఉంది. ఆ మధ్యలో ఏం జరిగిందో రేవులో ఎవరూ చూడలేదు. బోటు మనుషులతో సహా అందరూ కళ్ళు మూసుకున్నారు. జడ్సన్ కూడా. శత్రువు ముందు రెప్ప వాల్చకూడదని ట్రైనింగ్‌లో నేర్పారు. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని అమ్మ నేర్పింది. అమ్మ మాటే గెలిచింది.

కత్తిరించిన ముక్కల్ని ఆ టూల్ పారేయదు, దాచి ఉంచుతుంది. ఆ సంగతి క్యాథరిన్‌కి తెలియదు. జడ్సన్ రీస్టోర్ నొక్కాడు.

వంచిన తలల మధ్య ఒక్క తల లేచింది. జిప్పు వేసిన బైబిలు కవరుతో క్యాథరిన్ కెమెరా దాకా వచ్చింది. కెమెరా పక్కన కళ్ళు మూసుకుని నిలబడ్డ మనిషిని చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. తర్వాత బోటెక్కి ఇంజన్ గదిలోకి దిగింది. పైకి వచ్చినప్పుడు ఆ కవరు ఖాళీగా వేలాడుతోంది.

జడ్సన్ గుండె పగిలింది. ఏడవడానికి టైమ్ లేదు. హార్డ్ డిస్క్ డబ్బాలో దాచిన రేడియో అందుకున్నాడు.

"లాజరన్నా! ఇంజన్ గదిలో బాంబుండాది! వెతుకు!"

"ఏంది తమ్ముడూ..." పరుగుల చప్పుడు. "దొరికిందిరా! నెంబర్లు సున్నాకొస్తా ఉండాయి!"

"విసిరెయ్!"

పెద్ద పేలుడు. ఆ తర్వాత ఉత్త హోరు. జడ్సన్ రేడియోను చెవికి అదుముకున్నాడు.

"నీళ్ళలో పేలిందిరా," చివరికి లాజరస్ గొంతు. "అందరం ఉండాం. తడిసి ముద్దయినాం, అంతే."

జడ్సన్ వెనక్కి తిరిగాడు. గుమ్మంలో క్యాథరిన్. చేతిలో సైలెన్సర్ పిస్టల్, నేల వైపు వంగి ఉంది.

"ఎంతసేపట్నుంచి ఉండావు?"

"నువ్వు రేడియో తీసినప్పట్నుంచి."

"మరి కాల్చలేదే?"

ఆమె తెర వైపు చూసింది.

"పొద్దున నా ముందర ఎందుకు నిలబడినావు?"

"నువ్వు ఒక్కసారి కళ్ళు తెరిస్తే మానుకుందామనుకున్నా." అందామె. "నువ్వు తెరవలా."

"నీ కోసమే ప్రార్థన చేస్తా ఉన్నా, క్యాథరిన్."

ఆమె పిస్టల్‌ను బల్ల మీద పెట్టేసింది. సర్వీస్ జీపులు వచ్చి ఆమెను తీసుకెళ్తుంటే, సీక్రెట్ ఏజెంట్ జడ్సన్ నడివీధిలో చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేసింది.

"ఆమె చెప్పిన ఆచూకీతో ముఠా మొత్తం దొరికింది. వెల్ డన్." కాగితాలు తిరగేసిన చప్పుడు. "జడ్సన్, నీ పెళ్ళి లీవు ఇవాళే శాంక్షనై వచ్చింది. క్యాన్సిల్ చేయమంటావా?"

"ఉంచండి మేడమ్. మన రూల్స్‌లో ఏడవడానికి వేరే లీవు లేదు కదా."