కొండగట్టు మీద హిమాలయం ప్రాక్టీసు

“ఓ సార్, ఇల్లు ఖాళీ చేసి పోతున్నరా ఏంది?”

కొండగట్టు మెట్ల మీద వెనక నుంచి వచ్చిన ఆ మాటకు మహిపాల్‌కు చిర్రెత్తుకొచ్చింది. అసలే ఊపిరి అందడం లేదు. వీపు మీది బ్యాగు అతనికన్నా లావుగా ఉంది.

“హిమాలయాలకు పోతున్న. ప్రాక్టీసు!”

“అరె, నేను సుత గందుకే ఎక్కుతున్న!” అంది ఆ అమ్మాయి.

పేరు అక్షిత. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే వాళ్ల ఇంటి పిల్ల, జగిత్యాలలో బ్యాంకు ఉద్యోగం. మహిపాల్‌ది పక్కనే కొడిమ్యాల. మస్కట్‌లో చాలా ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసొచ్చి కోరుట్లలో ఇన్వర్టర్ల షాపు పెట్టుకున్నాడు. అన్నేళ్లు ఎండలో మాడినవాడికి ఒక్కసారి మంచు తొక్కాలని కోరిక. అంతే, అందులో పెద్ద ఫిలాసఫీ ఏమీ లేదు.

“బ్యాగుల ఏమున్నది?”

“దుప్పటి. మా అవ్వ పెట్టింది.”

అక్షిత జిప్పు తీసి చూసి, మెట్టు మీదే కూలబడి నవ్వింది. పులి బొమ్మ ఉన్న మింక్ బ్లాంకెట్టు! గల్ఫ్ నుంచి వచ్చే ప్రతివాడూ అట్టపెట్టెలో కట్టుకొచ్చేది అదే. ఈ చుట్టుపక్కల ఆ పులి లేని మంచం ఉండదు.

“స్లీపింగ్ బ్యాగు ట్రెక్కింగ్ కంపెనోళ్లే ఇస్తరు. గీ పులిని ఇంట్ల కట్టేసి రా. కాటన్ బనీన్లు సుత వద్దు. చెమటకు తడిస్తే చలిల ఆరయి.”

“బట్టల గురించి నీకెట్ల తెలుసు?”

“మగ్గాలోళ్ల బిడ్డను పట్టుకొని గా మాట అడుగుతున్నవా?”

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసే ఎక్కారు. కొత్త బూట్లు కాలికి అలవాటు చేసుకున్నారు, బ్యాగులో నీళ్ల సీసాల బరువు పెంచుకుంటూ పోయారు. పేచీ వచ్చింది ఏ కొండకు పోవాలన్న దగ్గర.

“కేదార్‌కాంత చిన్నపోరలు సుత ఎక్కుతరట. హంప్తా పాస్ పోదాం, ఎత్తు ఎక్కువ,” అన్నాడు మహిపాల్.

అక్షిత నవ్వలేదు. “పోయినేడు కేదార్‌కాంత పోయిన. మాతోని అచ్చినాయన తలనొప్పి అచ్చినా చెప్పలే. పై క్యాంపుల వాంతులు, నడువరాలే. అందరం ఆయన్ను దించుకునుడే అయింది. గా శిఖరం నేను సూడలే. తెలిసినోళ్లు తోడుంటెనే మల్ల పంపుతమన్నరు ఇంట్ల. నువ్వస్తనంటివని ఒప్పుకున్నరు. గని పాణం బాగలేకుంటె దాచేటోడైతే నాకద్దు.”

“నేనెందుకు దాస్త?” అన్నాడు మహిపాల్. కేదార్‌కాంతకే ఒప్పుకున్నాడు. ఆ కళ్లు అలా అడుగుతుంటే ఎవడైనా ఒప్పుకుంటాడు.

మరుసటి ఆదివారమే దాచాడు. ముందురోజు నుంచి జ్వరం. గోలీ వేసుకుని, నవ్వు ముఖం పెట్టుకుని వచ్చాడు. పై మెట్ల దగ్గర కళ్లు తిరిగి రెయిలింగు పట్టుకున్నాడు. అక్షిత నుదుటి మీద చెయ్యి వేసింది.

“కాలిపోతున్నది! ఎందుకు చెప్పలే?”

“నువ్వు నగుతవని.”

“గక్కడ గిట్లనే దాస్తే నేనేం చెయ్యాలె? నీతోని నేను రాను. నా పయనం సుత బంద్.”

గిర్రున తిరిగి దిగిపోయింది. ఫోన్ ఎత్తలేదు. జ్వరం తగ్గింది గానీ మహిపాల్‌కు తిండి సహించలేదు. సంగతంతా విన్న తండ్రి రాజనర్సు మోకు భుజాన వేసుకుంటూ ఆగాడు. ఈ వయసులోనూ రోజూ తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి.

“కాళ్లు వణికిననాడు నేను సగం తాడెక్కి దిగస్త. కింద కల్లు మండువల కూసున్నోళ్లు ఒక్కలన్న నగంగ సూసినవా?”

“లేదు బాపు.”

“ఎవ్వడు నగడు. గది మా కాడ కట్టుబాటు. మరి గా పిల్ల నగుతదని నీకెవలు చెప్పిండ్రు?”

మహిపాల్ మెసేజ్ పెట్టాడు. ‘ఒక్క ఆదివారం రా. తర్వాత నీ ఇష్టం.’

వచ్చింది, ముటముటలాడుతూనే. సన్నగా తుంపర పడుతోంది. సగం దారిలో మహిపాల్ ఆగిపోయాడు.

“అక్షితా, నాతోని అయితలేదు. ఊపిరి అందుతలేదు. కూసుందాం.”

ఆమె ముఖం మెత్తబడింది. పక్కన కూర్చుని, వేలికి తగిలించి నాడి చూసే చిన్న మిషన్ తీసి అతని వేలికి పెట్టింది.

“ఇంకోటి సుత దాచిన,” అన్నాడతను.

“ఏంది?”

“నువ్వంటే నాకిష్టం. శిఖరం మీద చెప్దామనుకున్న. గందాక ఆగేటట్టు లేదు.”

అక్షిత మిషన్ వంకే చూసింది. “నూట ముప్పై కొట్టుకుంటున్నది. గింత ఆయాసంల చెప్పిన మాట లెక్కల రాదు. నిమ్మలపడ్డంక చెప్పు.”

కూర్చున్నారు. ఒక కోతి వచ్చి వాళ్ల అరటిపండ్లు ఎత్తుకుపోయినా ఇద్దరూ కదల్లేదు. మెల్లగా అంకె దిగింది.

“నువ్వంటే నాకిష్టం,” అన్నాడు మళ్లీ, షాపులో బ్యాటరీ గ్యారంటీ చెప్పినంత తాపీగా.

అక్షిత గబగబా మిషన్ లాక్కుని బ్యాగులో పెట్టబోయింది.

“ఆగు. నీది సూడనియ్యి.”

“నాదెందుకు? గింతసేపు కూసునే ఉన్న గదా!”

“సూడనియ్యి.”

ముఖం అటు తిప్పుకుని వేలు ఇచ్చింది. అంకె నూరు దాటి ఇంకా పైకే పోతోంది.

“పాణం బాగలేదా?” అన్నాడు మహిపాల్ నవ్వు ఆపుకుంటూ. “దాచద్దు మరి.”

“దాస్తలేను,” అంది అక్షిత, చెయ్యి వెనక్కి తీసుకోకుండా. “సూస్తనే ఉన్నవు గదా.”