ముడి లేని ఎర్రపోగులు

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు ఆగగానే కండక్టరు హనుమన్న ఖాళీ గోనెసంచి ఒకటి మస్తాన్ వలి మీదికి విసిరాడు.

“ఏమప్పా, ఖాళీ సంచి కోసం ఇంతగా ఎగబడేవాన్ని నేను యాడా సూల్లేదు.”

మస్తాన్ వినిపించుకుంటేగా. అక్కడే సంచి తిరగేసి దులిపాడు.

ఏడాదిగా ఇదే తంతు. ఇతను ఆదోనిలో నూలుకు రంగేసి బస్సులో పంపుతాడు. ఎమ్మిగనూరులో నేతగాడు కరీం సాబ్ కూతురు ఫాతిమున్నీసా దాన్ని నేస్తుంది. ఎవరి ఊళ్లో వాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. మిగిలిన పోగుల్ని చిన్న జడలా అల్లి ఖాళీ సంచిలో వేస్తుందామె. రంగు నచ్చితే ఒక ముడి, మరీ నచ్చితే రెండు. ఆ రెండో ముడి కోసం మనవాడు అన్నం కూడా మరిచి రంగులు కాచేవాడు. చూడని పిల్లను ప్రేమించాడంటే నవ్వకండి, వయసు అలాంటిది.

ఈసారి జడా లేదు, ముడీ లేదు. రెండే పోగులు. ఒకటి దానిమ్మగింజ ఎరుపు, ఇంకోటి వెలిసిపోయిన ఎరుపు.

మస్తాన్‌ తన తప్పు గుర్తుపట్టాడు. పోయినసారి రంగుపొడి అయిపోతే చివరి కట్టల్ని మిగిలిన నీళ్లలోనే ముంచేశాడు. తడిమీద తేడా తెలియదు కదా అని, ఆరకముందే మంచి కట్టల కింద సర్ది పంపేశాడు.

“పాపం, ఆ పిల్లకు పొద్దున్నుంచీ అక్షింతలే,” అన్నాడు హనుమన్న. “రెండు రకాల నూలు కలిపి సీర సెడగొట్టిందని కరీం సాబ్ ఒగటే తిట్లు. ఇంగ మగ్గం ముట్టొద్దన్నాడంట.”

మస్తాన్‌కు కాలు నిలవలేదు. టీ చెప్పాడు, తాగలేదు. నిజం చెబితే కరీం సాబ్ తన నూలు కొనడం మానేస్తాడు, ఆ సంచి ఇక రాదు. చెప్పకపోతే ఆమెకు మగ్గం ఉండదు. బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కేశాడు.

“బిరీన పోనీయన్నా,” అన్నాడు.

“డ్రైవర్ని నేనా?” అన్నాడు హనుమన్న టికెట్టు కోస్తూ.

ఎమ్మిగనూరులో కరీం సాబ్ వాకిట్లోనే ఉన్నాడు. మస్తాన్ సలాం చేసి, కూర్చోకుండానే చెప్పేశాడు.

“చాచా, తప్పు నాది. రంగు సాలక మోసం సేసినా. ఆమెనేం అనాకండి.”

కరీం సాబ్ మగ్గం పక్కన నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు. “నీకు తెల్సా?”

“తెల్సు అబ్బా,” అంది ఫాతిమున్నీసా తండ్రితో.

“మరి సెప్పకుండా తిట్లెందుకు తిన్నావు?”

ఆమె తల వంచుకుంది. ఎందుకో మస్తాన్‌కు అర్థమై చెవులు వేడెక్కాయి. పెద్దాయనకూ అర్థమైనట్టే ఉంది, గడ్డం నిమురుకున్నాడు.

“ఇంగమీద నీ నూలు బస్సులో పంపొద్దు.”

మస్తాన్ వెనక్కి తిరగబోయాడు.

“నువ్వే తేవల్ల. ఈడ ఇప్పి సూపీయల్ల. రంగు తగ్గితే తగ్గిందని నోటితో సెప్పల్ల.” అలా అని ఆయన నమాజుకు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

ఫాతిమున్నీసా మంచినీళ్లు తెచ్చింది. “మల్లా నూలు ఎప్పుడు తెస్తారు?”

“పొడి దొరికేదాకా లేదు. ఎన్నాళ్లయితాదో.”

“నూలు లేకున్నా రాండి,” అందామె, పెరట్లో ఉన్న తండ్రికి వినబడేంత గట్టిగానే.