రగతం ఇవ్వని నూకాలమ్మ

పొద్దున్నే నూకాలమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మితే నురుగంతా ఎర్రగా వచ్చింది. అది చూసి కొడుకు యువరాజు, వార్తలు చదివేవాడిలా నిదానంగా, తమ ఊరు డొంకూరు సముద్రం ఒడిశా దాకా ఎర్రబడిందనీ, కలెక్టరు గారు బయల్దేరారనీ చెప్పాడు. రోజూ అయితే తల్లి చేట పట్టుకుని తరిమేది. ఇవాళ అరచెయ్యి చాపింది. అందులో ఓ పన్ను ఉంది.

నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే మనిషికి పళ్ళెలా నిలుస్తాయని ఇంటిల్లిపాదీ ఎప్పుడో తీర్పిచ్చేశారు. యువరాజు నెల కిందటే చుట్టలు దాచేశాడు. అయినా పళ్ళు కదులుతూనే ఉన్నాయి. నమల్లేకపోతోందని రోజూ బన్నూ, పాకంలాంటి టీ తనే తెచ్చిపెట్టాడు.

ఇక లాభం లేదని కూతురు రజని ఇద్దర్నీ పలాసలో పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన నోరు చూసి, ముందు సుగర్ పరీక్షకి వేలు చాపమన్నాడు. నూకాలమ్మ లేచి గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

"ఏటమ్మా, జెల్లచేప ముల్లు దిగినా కిక్కురుమనవు. సూదికి బయమేటి?" అంది రజని.

"సూదికి కాదే. రగతం తీత్తే కిడ్నీ అని రాసీసి, అక్కడికక్కడే ఆసుపత్రి వేనెక్కించీత్తారట. నిరుడు కిడ్నీ కేంపు కాడ నీ తమ్ముడే సెప్పినాడు."

యువరాజుకి ఆ మాట గుర్తొచ్చింది. వరసలో నిలబడ్డ అమ్మని ఏడిపించడానికి అన్నమాటే అది. నిజం చెప్పేవాడిలా మొహం పెట్టి అన్నాడు. ఆవిడ వరస వదిలి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత బిందెడు నీళ్ళు తాగినా దాహం తీరకపోతే, కిడ్నీయే అనుకుని ఎవరికీ చెప్పలేదు. బావి ఎండగట్టేస్తోందని దానిమీద కూడా వాడే జోకులేశాడు.

"ఆటకన్నానే అమ్మా."

"మీ మావ ఆ కిడ్నీ జబ్బుతోనే పోనాడు కదరా. నాకు ఆటని ఎలాగ తెలుత్తాది?"

వాడు ముందు తన వేలు పొడిపించుకున్నాడు. తర్వాత తల్లి వేలు పట్టుకుని చాపాడు. ఆవిడ సుగర్ మూడొందల నలభై రెండు.

చుట్ట చెడ్డదే గానీ తప్పంతా దానిదే కాదన్నాడు డాక్టరు. సుగర్ ఎక్కువైతే చిగుళ్ళు చెడతాయట, చిగుళ్ళు చెడితే సుగర్ ఓ పట్టాన దిగదట. రెంటికీ కలిపి వైద్యం చెయ్యాలి, కిడ్నీ కూడా ఓసారి చూపించుకోవాలి, ముందే తెలిస్తే మంచిదే అన్నాడు.

తిరుగు బస్సులో యువరాజు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే నూకాలమ్మ మెల్లగా మోచేత్తో పొడిచింది.

"నీ మాట ఎవలు నమ్మినార్రా. నాకే బద్దకమేసి కేంపు కాడినుంచి వచ్చీసినాను."

ఆవిడకి అబద్ధం ఆడటం రాదు. ఏడాదిపాటు ఆ భయాన్ని ఒక్కతే మోసింది, ఇప్పుడు వీడి తప్పు కూడా తనే మొయ్యాలని చూస్తోంది. యువరాజు నమ్మినట్టే తలూపి, ఆవిడ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా వదల్లేదు.