అశ్విని పెట్టిన రాయి

చోడవరంలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి జియాలజీ చెప్పి రిటైరైన గణపతిరావు గారికి రాయి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. సుత్తితో ఒక్కటేసి లోపల ఎలా ఉందో చూడాల్సిందే. ఎండకీ వానకీ పైపొర రంగు మారిపోతుంది, పగలగొడితే గానీ రాయి నిజం చెప్పదంటారు. ఓసారి పెళ్ళివారి విడిదింట్లో అరుగుని కూడా వదల్లేదని భార్య రేవతి ఇప్పటికీ దెప్పుతుంది.

కిందటేడాది ఆయన ఒక గ్రీకు దీవి చూసొచ్చారు. సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, ఒకప్పుడు గాడిదలు బరువులు మోసిన పాత బాటలు, వాటి మీద నడవడానికే ఎక్కడెక్కడినుంచో వచ్చే జనం. మన మాడుగుల కొండల్లో లేవా ఇలాంటివి అని వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట. ఆ పాట భరించలేకే కూతురు అశ్విని కెమెరా మెడలో వేసుకుని ఆయనతో బయల్దేరింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఒక్కతే సంతానం.

మాడుగుల దాటాక కారు ఆపి, ఏజెన్సీకి పోయే పాత మెట్లదారి పట్టారు. రోడ్డు పడ్డాక ఆ దారిన నడిచేవాళ్ళు తగ్గిపోయారు. కొండచీపుర్లు కిందికి తెచ్చి అమ్ముకునే నూకరత్నం తోవ చూపిస్తానని ముందు నడిచింది. వానాకాలం. మెట్ల మీద నాచు, పక్కన ఎక్కడో కనబడకుండా పారే నీళ్ళు. గణపతిరావు గారు మెట్టుమెట్టుకీ ఆగి పాఠం చెబుతూనే ఉన్నారు.

కొండల సందు దగ్గర నడుమెత్తున రాళ్ళకుప్ప ఉంది. నూకరత్నం దారి పక్కన ఒక రాయి ఏరి అంచున పెట్టింది. ఎక్కేవాళ్ళు ఒక రాయి పెట్టాలట, దిగేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసి అవతల పారెయ్యాలట. మరి ఇన్ని మిగిలిపోయాయేమని అశ్విని అడిగింది.

"దిగనోళ్ళవి," అంది నూకరత్నం.

అశ్విని కూడా ఒక రాయి పెట్టింది. గణపతిరావు గారు అటు చూడనైనా లేదు, కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వుకున్నారు.

కొంచెం పైన పాత రాతిసత్రం ఉందంటే ఆడవాళ్ళిద్దరూ ఫొటోలకి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పితో ఈయన కుప్ప దగ్గరే ఉండిపోయారు. అటూ ఇటూ చూశారు. సుత్తి తీశారు. మొదటి రాయి పగిలితే తడిసిన జుట్టు వాసన వచ్చింది. నాచు అనుకున్నారు. రెండోది, మూడోది... అదే వాసన. నాలుగోది మాత్రం శుభ్రంగా, ఎర్రటి గార్నెట్ గింజలతో నిగనిగలాడింది.

మధ్యాహ్నం మూడింటికే మంచు కమ్మేసింది. తిరిగొచ్చిన నూకరత్నం తన రాయి తీసి పారేసింది. అశ్విని వెతుకుతోంది. ఎర్ర చుక్కలది, ఇక్కడే పెట్టాను అంటోంది. గణపతిరావు గారు నవ్వుతూ రెండు ముక్కలూ చూపించారు. నూకరత్నం నవ్వలేదు.

"ఏటి సేసేరు బాబూ?" అంది, గొంతు తగ్గించి. "రాయి తీస్తేనే మనిసి దిగినట్టు. ఇప్పుడు మీ గుంట ఏటి తీస్తాది?"

రెండు ముక్కలూ కలిపి కట్టి పిల్ల చేతికిమ్మని, కిందదాకా వదలొద్దని చెప్పింది. ఆయన కలిపి చూశారు. నడుమ గోరంత పెచ్చు లేదు. సుత్తి దెబ్బకి ఎటో ఎగిరిపోయింది. అప్పుడు భయం వేసింది ఆయనకి, జీవితంలో మొదటిసారి, అదీ ఒక రాయిని చూసి. మోకాళ్ళ మీద కూలబడి నాచులో, బురదలో, రాళ్ళ సందుల్లో తడిమారు. గోళ్ళు చీలాయి. ఏ దేవుడికీ దణ్ణం పెట్టని మనిషి ఆ కుప్పకి చేతులు జోడించి ఏడ్చారు. పెచ్చు దొరకలేదు.

చీకటి పడితే ముగ్గురం దిగలేమని నూకరత్నం తొందరపెట్టింది. రుమాలుతో ముక్కలు బిగించి కట్టి అశ్వినికిచ్చారు. నూకరత్నం ముందు, ఆయన నడుమ, ఆయన చొక్కా పట్టుకుని అశ్విని. నాలుగడుగులకోసారి పిలిచారు. పలికింది. మళ్ళీ పిలిచారు. పలికింది, కానీ ఎక్కడో పైనుంచి పలికినట్టు. చొక్కా మీద చెయ్యి మాత్రం అలాగే ఉంది...

కారు కనిపించింది. వెనక్కి తిరిగితే అశ్విని ఉంది. నిక్షేపంలా ఉంది. కావలించుకుని బావురుమన్నారు. ఇల్లు చేరాక జరిగింది రేవతికి చెప్పకుండా ఉండలేకపోయారు. ఆవిడ పిల్లని తడిమి చూసి, తిట్టాల్సిన నాలుగూ తిట్టి, అన్నం పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

చెయ్యి కడుక్కోవడానికి అశ్విని లేచింది. హాల్లో నున్నటి గచ్చు. దాని మీద ఆమె పాదం ముందుకి చాచి, అంచు కోసం తడిమి, మోకాలు వంచి దించింది. ఆగింది. రెండో పాదం చాచి తడిమింది. మళ్ళీ.

గణపతిరావు గారు పరుగున వెళ్ళి ఆ పాదాలు రెండూ పట్టుకున్నారు. మంచులా ఉన్నాయి.

"దిగీసేం అమ్మా... ఇది మనిల్లు. రేపు తెల్లారకుండా ఎల్తాను. ఆ పెచ్చు ఎతికి తెస్తాను. నన్ను సూడమ్మా."

ఆమె ఆయన్ని చూడలేదు. భుజం మీదుగా వెనక్కి చూసింది. బరువుతో దిగేవాళ్ళకి దారిచ్చినట్టు గోడవైపు ఒత్తిగిలింది. సర్దుకుని నిలబడి మళ్ళీ ఒత్తిగిలింది. ఇంకోసారి. మూడుసార్లు. హాలంతా తడిసిన జుట్టు వాసన.

"ముందున్నది మా నాన్నే," అంది మెల్లగా, ఎవరితోనో. "మీ రాళ్ళ సంగతి ఆయన్నే అడగండి."