తియ్యగా తగిలిన మాత్ర

తియ్యగా ఉంది!

కేకులక్కకు గుండె ఆగినంత పనైంది. చెంచాతో నూరిన మాత్ర పొడి వేలికి అంటుకుంటే, అలవాటు కొద్దీ నాలుక మీద పెట్టుకుంది... అంతే! ఇరవై ఏళ్ళుగా బేకరీలో క్రీము రుచి చూసి చూసి, చేతికి ఏది అంటినా నోట్లో పెట్టుకునే జబ్బు ఆమెది. వీధిలో అందరికీ కేకులక్క అయిందీ అందుకే. కానీ ఇది క్రీము కాదు. ఎముకల జబ్బుతో మంచం పట్టిన తన తల్లికి డాక్టరు రాసిన నొప్పి మందు. కటిక చేదుగా ఉండాలి! మొదటిరోజు అది మింగలేక ఆ తల్లి పడిన అవస్థ ఇంకా గుర్తే. సీసాలోంచి ఇంకొకటి తీసి కొరికింది. అదీ తియ్యనే! పిల్లలు చప్పరించే విటమిన్ బిళ్ళలు... అదే సైజు, అదే తెలుపు.

ఆ సీసా జోలికి వెళ్ళేది ఇంట్లో ఒక్కరే. పదిహేడేళ్ళ కూతురు, పిచ్చుక. పొద్దస్తమానం కిచకిచలాడుతుందని చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు. తను తెల్లవారకముందే బేకరీకి పరుగెత్తాలి కాబట్టి, అమ్మమ్మకు రెండుపూటలా మందు నూరి ఇచ్చేది పిచ్చుకే. "నా కూతురు బంగారం!" అని ఎంతమంది ముందు గొప్పలు చెప్పుకుంది! ఈమధ్య ఆ కిచకిచలు తగ్గి, పిల్ల ఎప్పుడు చూసినా మత్తుగా ఉంటే, చదువు భారం కాబోలు అనుకుని వేడి పాలు కలిపి ఇచ్చింది, పిచ్చి తల్లి! ఇవాళ తనకు సెలవు. పిల్ల కాలేజీ నుంచి ఇంకా రాలేదని సాయంత్రం మందు తనే నూరింది. లేకపోతే ఇంకెన్నాళ్ళు తెలిసేది కాదో...

"అమ్మా, ఈ మాత్ర తియ్యగా ఉంది" అంది.

మంచం మీది ముసలి తల్లి ఆశ్చర్యపోలేదు. గోడవైపు ముఖం తిప్పుకుంది.

"నీకు తెలుసా?!"

"నెల నుంచీ తెలుసే... ఇదేమిటే తియ్యగా ఉందని పిల్లనడిగితే, నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. మానేస్తానని ఒట్టేసింది. చదువుకునే పిల్ల... నలుగురికీ తెలిస్తే దాని బతుకేం కాను? పళ్ళబిగువున నాలుగు రోజులు ఓర్చుకుంటే సరిపోతుందనుకున్నాను."

నెల రోజులు! పోయిన ఆదివారం అమ్మ మంచం మీద మెలికలు తిరిగిపోతుంటే తను ఏమంది? 'మందు వేసుకున్నాక కూడా ఏమిటమ్మా ఈ మారాం? చంటిపిల్లలా తయారయ్యావు!' అంది. అప్పుడు పిచ్చుక గుమ్మంలోనే నిలబడి ఉంది... నోరు మెదపలేదు! కన్నతల్లీ, కన్నకూతురూ ఏకమై తనను గుడ్డిదాన్ని చేశారు! పరాయివాళ్ళు మోసం చేస్తే వీధిలో నిలబడి అరవచ్చు. వీళ్ళ మీద ఎక్కడ నిలబడి అరవాలి?

అంతలో గేటు చప్పుడైంది. కేకులక్క చేతిలో సీసా చూడగానే పిచ్చుక ముఖం పాలిపోయింది.

"నేను కాదమ్మా... షాపువాడు మార్చి ఇచ్చాడేమో..."

"అబద్ధం కూడానా! అమ్మమ్మ అంతా చెప్పింది."

పిల్ల ఉన్నచోటే కూలబడిపోయింది. "మొదట ఒక్కటే వేసుకున్నానమ్మా! పరీక్షల భయంతో నిద్ర పట్టట్లేదంటే ఫ్రెండ్ ఇలాంటిదే ఇచ్చింది. ఒక్కదానితో ఏమవుతుందిలే అంది. తర్వాత అది పడకపోతే ఒళ్ళంతా పీకేసేది... చెమటలు, వాంతులు... రోజూ మానేద్దామనే అనుకుంటా, నావల్ల కావట్లేదు! అమ్మమ్మని అడిగితే నొప్పేం లేదనేది..."

"అవునే, వదిలెయ్ దాన్ని. నాకేం నొప్పి లేదు" అంది అమ్మమ్మ, మంచం పట్టె బిగించి పట్టుకుని.

"అమ్మా! నువ్వు ఆ మాట అన్న ప్రతిసారీ అది ఇంకో మాత్ర తీసింది! కాపాడుతున్నానని దాన్ని గోతిలోకి తోశావు!" కేకులక్క ఫోను అందుకుని డాక్టరుకు చేసింది. దాచకుండా అంతా చెప్పింది. కోప్పడి లాభం లేదనీ, అది కూడా జబ్బేననీ, ఇంట్లో మాన్పించాలని చూడకుండా ఇద్దరినీ వెంటనే తీసుకురమ్మనీ అన్నాడాయన.

"అమ్మా, కాలేజీలో తెలిస్తే..."

"తెలియనీ! నిన్ను క్షమించాననుకోకు. అది నావల్ల అవుతుందో లేదో నాకే తెలియదు. ముందు నువ్వు బతకాలి."

టాక్సీ వచ్చేలోగా పిచ్చుక మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మమ్మా... నిజంగా ఎంత నొప్పిగా ఉండేది?"

ముసలావిడ పెదవులు "ఏం లే..." అనబోయాయి. కూతురి ముఖం చూసి ఆగిపోయింది.

"చాలా నొప్పిగా ఉండేదే తల్లీ. నువ్వు తలుపు దగ్గరకి వేసి వెళ్ళాక దిండు నోట్లో కుక్కుకునేదాన్ని."

పిచ్చుక ఆ చేతిలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మమ్మ ఈసారి ఓదార్చలేదు. నిజం ఒకసారి మొదలయ్యాక ఆగలేదు కాబోలు, తల తిప్పి కేకులక్కను చూసింది. "నువ్వు మారాం అన్నావు చూడు ఆదివారం... అదీ నొప్పేసిందే."

కేకులక్క కళ్ళు తుడుచుకుని తల్లి వీపు కింద చేయి వేసి మెల్లగా లేపింది.

"చెప్పమ్మా" అంది. "ఇంకా ఏమైనా ఉంటే, అదీ చెప్పు."